కొండవేటగాని పాదరక్ష

1991 సెప్టెంబరు మాసమున, ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దునందలి ఆల్ప్సు పర్వతములలో, సముద్రమట్టమునకు 3,210 మీటర్ల యెత్తున, కరగుచున్న మంచులోనుండి ఒక పురుషుని దేహము బయల్పడినది. అది సుమారు 5,300 సంవత్సరముల నాటిదని శాస్త్రజ్ఞులు నిర్ణయించి, ఆ పురుషునకు ఓట్సి యని పేరిడినారు. అతని చెంత విల్లును అంబులపొదియు నుండెను. కడుపులో ఐబెక్స్ అను కొండమేక మాంసమును ఎఱ్ఱజింక మాంసమును మిగిలియుండెను. అతని పాదరక్షల అడుగు ఎలుగు తోలు. లోపల చెట్టునారతో అల్లిన వల. ఆ వల సందులలో చలి సోకకుండ కూరిన ఎండుగడ్డి. ఆ కాలమునకు అది గొప్ప పనితనమే యనవలెను. ఐనను అంత మెత్తని తోలు చలినుండి పాదమును కాపాడగలదే గాని, నిటారు వాలుమీద పాదము చేయవలసిన పనిలో పాలు పంచుకొనజాలదు. అక్కడ నిలువవలసినవాడు తన వ్రేళ్ళ బలముతోడను, చీలమండ బలముతోడను, పిక్కల బలముతోడను మాత్రమే నిలువవలెను. నేటి కొండవేటగాని బూటునకును దానికిని గల భేదములలో నా దృష్టికి ముఖ్యమైనది తోలులో లేదు, నీరు చొరనీయని అస్తరులో లేదు. అడుగుభాగపు బిరుసులో ఉన్నది. ఆ బిరుసు ఎంత యుండవలెనో, ఎవరికి ఎంత తగునో విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశ్యము.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అది నిలువవలసిన చట్టమే. అలాస్కా, కెనడా, న్యూజీలాండు, ఆల్ప్సు దేశములలో మాత్రము కొండజంతువుల వేట ప్రభుత్వ నియమములకు లోబడి నేటికిని సాగుచున్నది. న్యూజీలాండు కథ మనకు కొంత సమీపమైనది కూడ: 1904లో అక్కడి మౌంట్ కుక్ ప్రాంతమున మన హిమాలయముల తహర్ మేకలను విడిచిపెట్టినారు, 1907లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ షామ్వా యను ఆల్ప్సు జంతువులను కానుకగా పంపినాడు, సహజశత్రువులు లేని ఆ కొండలలో రెండు జాతులును విస్తారముగ పెరిగి, వేటగాండ్రకు లక్ష్యములైనవి. ఇక వేట మాట అటుంచినను, హిమాలయములకు నడచిపోవు మన యువజనులకును ఇట్టి నిటారు వాలులే ఎదురగుచున్నవి. కావున ఈ విచారణ వారికిని కొంత పనికివచ్చును.

బిరుసును గూర్చి గాలిలో మాటలాడుటకంటె ఒక యాత్రను ఎదుట నుంచుకొని మాటలాడుట మేలు. అలాస్కాలో డాల్ గొఱ్ఱె యను తెల్లని కొండగొఱ్ఱె కలదు. చాల ప్రాంతములలో దాని వేటకాలము ఆగష్టు 10న మొదలై సెప్టెంబరు 20న ముగియును. పొట్టేలు కొమ్ము పూర్తి వలయముగ చుట్టుకొనియుండవలెను. లేదా రెండు కొమ్ముల కొనలును విఱిగియుండవలెను. లేదా జంతువునకు ఎనిమిదేండ్లైనను నిండియుండవలెను. అట్లు కానిదానిని చంపుట నేరము. తినదగిన మాంసమునంతయు మోసికొని రావలెననియు శాసనము కలదు. వేటగాడు చిన్న విమానమున వచ్చి నది యొడ్డునందలి గులకరాళ్ళ మేటమీద దిగును. అక్కడనుండి కొండ పాదమునకు చేరుటకు గడ్డిదుబ్బులతో నిండిన చిత్తడినేలను దాటవలెను; ఒక్కొక్క దుబ్బు అడుగు వేసినంతనే ప్రక్కకు ఒరిగిపోవును; రెండు దుబ్బుల నడుమ నీరు నిలిచియుండును. తరువాత ఏరు దాటవలెను. ఆ తరువాత పచ్చికవాలు, దానిపైన విఱిగిపడిన రాళ్ళు జారుచుండు వాలు, దానిపైన గొఱ్ఱెలు నిలుచు శిలాప్రదేశము. వేట ఫలించినచో ఎముకలు తీసిన మాంసము, కొమ్ములు, తోలు, డేరా, పడక అన్నియు మూటకట్టుకొని అదే దారిని తిరిగి రావలెను. 40, 50 కిలోల బరువు వీపునకెక్కుట అరుదు కాదు. పోవునపుడు తేలికగ సుఖముగ నడచిన బూటే తిరిగి వచ్చునపుడు ఈ బరువును దింపవలెను. ఒకే యాత్రలో మెత్తని బూటు కోరు నేలయు, బిరుసు బూటు కోరు నేలయు ఒకదాని వెంట నొకటి ఎదురగుటచేతనే ఈ ఎంపిక కష్టమైనది.

ఇక బిరుసనగా నేమి? సామాన్యముగ దుకాణమున బూటును చేతబట్టి, ముందుభాగమును వంచి, వంగినచో మెత్తనిదనియు వంగకున్నచో గట్టిదనియు తీర్మానించుచుందురు. ఈ పరీక్ష మూడింట ఒక వంతు సత్యమే చెప్పును. బూటునకు మూడు బిరుసులు కలవు. నిలువున, అనగా వ్రేళ్ళ మొదలు దగ్గఱ అడుగు వంగుటను అడ్డగించునది మొదటిది. మడమను ఒక చేతను, ముందుభాగమును వేఱొక చేతను పట్టి బట్ట పిండినట్లు మెలిపెట్టినపుడు అడ్డగించునది రెండవది. చీలమండను చుట్టియుండు పైభాగము ముందునకును ప్రక్కలకును వంగుటను అడ్డగించునది మూడవది. ఈ మూడును ఒకే పాళ్ళలో ఉండవలెనను నియమము లేదు. నిలువున కొంత వంగి, మెలికకు మాత్రము లొంగని బూట్లు కలవు. నా అభిప్రాయమున గొఱ్ఱెల వేటకు పోవువారిలో అధికసంఖ్యాకులకు అవియే తగినవి. అడుగు శిలవలె గట్టిగ నుండి పైభాగము మెత్తగ నున్న బూట్లును కలవు. వీనిని కొనువారు తాము పొందిన మేలు సగమేయని కొండమీదగాని తెలిసికొనరు.

మానవపాదమున 26 ఎముకలు కలవు. మనము నడచునపుడు మడమ లేచి, వ్రేళ్ళు మొదట వంగును. వంగినపుడు అరికాలి క్రిందుగ మడమనుండి వ్రేళ్ళవఱకు పఱచుకొనియున్న దృఢమైన నారపొర బిగిసి, పాదపు విల్లును పైకెత్తి, మెత్తని పాదమును ఆ క్షణమునకు గట్టి మీటగ మార్చును. 1954లో హిక్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ యేర్పాటును విశదముగ వర్ణించెను. సమతలముమీద పాదమునకు ఇంతకంటె సహాయ మక్కఱలేదు. వాలుమీద నట్లు కాదు. అక్కడ పాదమంతయు నేలను తాకదు. బూటు అంచు మాత్రమే తాకును, లేదా ముందుభాగము మాత్రమే తాకును. తక్కిన పాదము గాలిలో వ్రేలాడుచుండ, దానిని సమముగ నిలిపియుంచు పని చిన్నచిన్న కండలమీద పడును. ఆ పని ఒక గడియ చేయవచ్చును, పూట చేయవచ్చును; వరుసగ వారముదినములు వీపున బరువుతో చేయుట సామాన్యులకు సాధ్యము కాదు. గట్టి అడుగు ఆ పనిని తానే చేయును.

వాలునకు అడ్డముగ నడచుట ఈ విషయమున అసలైన పరీక్ష. కొండవేటగాడు శిఖరమునకు నేరుగ ఎక్కుట తక్కువ. జంతువు కంటబడకుండ, గాలి తన వాసనను దానివైపు మోసికొనిపోకుండ, వాలు వెంబడి గంటలకొలది అడ్డముగ పోవుచుండును. అపుడు బూటు మెత్తనిదైనచో అడుగు మెలిదిరిగి వాలునకు అనుగుణముగ పడుకొనును. చీలమండ లోయవైపునకు వంగిపోవును. పాదము బూటులోపలనే క్రిందివైపునకు జారి, చిటికెనవ్రేలు తోలునకు ఒరసికొనును. ఎండిన గరుకురాతిమీద ఇట్లు పడుకొనుట దోషము కాదు, పట్టు కూడ చిక్కును. తడిసిన గడ్డిమీద, గడ్డకట్టిన మట్టిమీద, గట్టిపడిన మంచుమీద మాత్రము పడుకొనిన అడుగు జారును; అక్కడ అంచు కత్తివలె దిగవలెను. అంచు దిగవలెనన్నచో అడుగు మెలిక తిరుగరాదు, చీలమండ ప్రక్కకు ఒరగరాదు; అనగా పైన జెప్పిన రెండవ బిరుసును మూడవ బిరుసును కలిసి పనిచేయవలెను. నిలువు బిరుసునకు ఇక్కడ పని స్వల్పము. అది ముఖ్యమగునది మంచులో ముందుకాలితో తన్ని మెట్లు చేయునపుడును, రాతి గట్టుమీద బూటు మొనను ఆనించి నిలుచునపుడును మాత్రమే. అప్పుడును అది వ్రేళ్ళకును పాదపు విల్లునకును విశ్రాంతి నిచ్చునే గాని, పైభాగము కూడ గట్టిగ పట్టియుండనిచో పిక్కలకు విశ్రాంతి నీయదు.

విఱిగినరాళ్ళ వాలుమీద మరియొక ప్రయోజనము కలదు. అక్కడ ప్రతి అడుగును రాతి మొనమీద పడును. మెత్తని అడుగైనచో ఆ మొన అరికాలిలో ఒక్కచోటనే గ్రుచ్చుకొనును. గట్టి అడుగైనచో ఆ వత్తిడి పాదమంతటను పంచబడును. మొదటిదినమున ఈ భేదము తెలియదు. నాల్గవదినమున అరికాలు కందిపోయి, ఉదయమున బూటు తొడుగుటయే బాధయైనపుడు తెలియును.

ఇప్పుడు ఎవరును చెప్పని, చెప్పవలసిన మాట ఒకటి కలదు. బిరుసనునది బూటులో మాత్రమే ఉండు గుణము కాదు; తొడుగువాని బరువుతో కలిసి లెక్కింపవలసినది. పంటకాలువమీద వేసిన ఒకే పలక బక్కవాడు నడచినపుడు కదలక నిలుచును, ధాన్యపు బస్తా మోయువాడు నడచినపుడు నడుమ క్రుంగును. అట్లే 100 కిలోల మనుష్యుడు, వీపున 40 కిలోల బరువుతో, తన పెద్ద పాదమునకు తగిన పొడవైన బూటులో నడచుచు, ఇది మధ్యమమైన బిరుసు గలదని చెప్పినచో, అదే బూటు 60 కిలోల మనుష్యునకు చిన్న కొలతలో కఱ్ఱముక్కవలె తోచును. అమెరికాలోని వేటగాండ్ర సలహాలు చాలవఱకు స్థూలదేహుల అనుభవమునుండి పుట్టినవి. మనవారివంటి తేలికైన శరీరముగలవారు, స్త్రీలు, ఆ సలహాలను యథాతథముగ స్వీకరించినచో ఒక మెట్టు ఎక్కువ బిరుసు బూటును కొని బాధపడుదురు.

బాధ యెట్టిదో చెప్పెదను. సమతలముమీద నడచునపుడు పాదము వంగగోరును, అడుగు వంగదు. అందుచేత మడమ బూటులోపల పైకి లేచి మరల దిగుచుండును. వేలకొలది అడుగులలో వేలకొలది పర్యాయములు ఇట్లు ఒరసికొనుటచే మడమ వెనుక బొబ్బలు లేచును. దీనికి విరుగుడుగ చర్మకారులు అడుగు ముందుభాగమును పైకి వంచి నిర్మింతురు. వంగవలసినచోట దొరలునట్లు చేయుట ఇందలి ఉపాయము. ఈ వంపు సరిగ కుదిరిన గట్టి బూటు, వంపులేని మధ్యమపు బూటుకంటె సుఖముగ నడచును. కావున దుకాణమున చేతితో వంచి చూచుటకంటె, బూటును బల్లమీద నుంచి మొన ఎంత పైకి లేచియున్నదో చూచుట మిక్కిలి ఉపయోగకరము.

బరువు మరియొక వెల. బిరుసు కావలెనన్నచో దళసరి తోలు, దళసరి అడుగు, లోపల పలక కావలెను. పాదముమీద మోసిన బరువు వీపుమీద మోసిన అంతే బరువుకంటె నాలుగు మొదలు ఆరు రెట్లు శ్రమ కలిగించునని సైనికులమీద జరిపిన పరిశోధనలు తెలిపినవి. గడ్డిదుబ్బుల నేలలో ఈ భారము ప్రతి అడుగునను తెలియును. అంతేకాక అక్కడ చీలమండ స్వేచ్ఛగ అటునిటు కదలవలెను. దుబ్బు ఒరిగినపుడు పాదము దానితో ఒరిగి మరల సర్దుకొనవలెను. కదలనీయని బూటులో ఆ సర్దుబాటు మోకాలిమీద పడును. జంతువును సమీపించునపుడు నిశ్శబ్దముగ నడచుటకును గట్టి అడుగు అడ్డమే. కాలిక్రింద రాయి కదలుచున్నదా లేదా యను జ్ఞానమును అది తగ్గించును. బాల్యమునుండి కొండలలో పెరిగి, పాదములు దృఢపడినవారు పలుచని నడకబూట్లతోనే గొఱ్ఱెల వెంట పోవుచుండుట అసత్యము కాదు. వారి పాదమునందే ఆ బిరుసున్నది. నగరములో కుర్చీలో కూర్చుండి పనిచేసి, ఏడాదికొకమాఱు కొండకు పోవువాడు వారిని అనుకరింపరాదు.

పూర్వకాలపు వేటగాండ్రు ఈ సమస్యను ఇనుముతో పరిష్కరించిరి. 1786 ఆగష్టు 8న పక్కార్ అను వైద్యునితో కలిసి మోంబ్లాం శిఖరమును మొట్టమొదట అధిరోహించిన జాక్ బాల్మా, ఆ కొండలలో షామ్వాలను వేటాడుచు స్ఫటికములను ఏఱుచు జీవించినవాడే. అట్టివారి బూట్ల దళసరి తోలు అడుగునకు ఇనుపమేకులు దిగగొట్టుట పర్వతప్రాంతముల ఆచారము. మేకు గడ్డిమీద పట్టును, మంచుమీద పట్టును. నున్నని రాతిమీద జారును. చలిని నేరుగ అరికాలికి చేర్చును. 1935లో ఇటలీలో పుంటా రసీకా శిఖరమువద్ద తుపానులో చిక్కి ఆఱుగురు పర్వతారోహకులు మరణించినారు. వారి మిత్రుడైన మిలాను నగరవాసి వితాలే బ్రమానీ, ఆ దుఃఖమునుండి తేరుకొని, రాతికిని మంచుకును పనికివచ్చు ఒకే అడుగును రబ్బరుతో నిర్మింప సంకల్పించి, పిరెల్లి టైర్ల సంస్థ సహాయముతో 1937లో సాధించెను. లోతైన గాడులుగల ఆ అడుగును వైబ్రం అను పేర నేడు లోకమంతయు ఎఱుగును. 1954 జూలై 31న కే2 శిఖరమును తొలిసారి చేరిన ఇటలీ దళము తొడిగినవి ఈ అడుగుల బూట్లే. రబ్బరు వచ్చిన పిమ్మట పట్టు ఒకరి పని, బిరుసు ఒకరి పని యైనది: నేలను అంటుకొనుట రబ్బరు వంతు, వంగకుండుట దానిపైన పొదిగిన నైలాను పలక, ఉక్కుపట్టీ, నేటికాలపు కార్బన్ పలకల వంతు. బూటుపని చేయువారు ఈ లోపలి పలకను షాంకు అందురు.

1683 నుండి చర్మకారవృత్తిలో నున్న బవేరియాలోని మైండల్ కుటుంబమువారి సంస్థ, బూట్లను ఏ, బీ, సీ, డీ యని తరగతులుగ విభజించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినది. ఏ తరగతి తోటదారులకును, బీ తరగతి సామాన్యపు కొండబాటలకును, సీ తరగతి బాటలేని నిటారు ప్రదేశములకును, డీ తరగతి మంచుగోడలకును తగినవి. వేటగాండ్ర చర్చ యంతయు బీ, సీ తరగతుల నడుమనే జరుగును. ఐతే ఒక సంస్థ సీ యన్నది మరియొక సంస్థ బీ, సీల నడుమనిదనవచ్చును. కొన్ని సంస్థలు అక్షరములకు బదులు తమవియైన అంకెల నుపయోగించును. అందుచేత గుర్తును చూచి కొనుట చాలదు.

చూడవలసిన విధము వేఱు. పాదము ఉబ్బియుండు సాయంకాలమున, కొండకు తొడుగబోవు ఉన్నిమేజోళ్ళతోనే దుకాణమునకు పోవలెను. మొదట బిరుసును గాక కొలతను తేల్చుకొనవలెను. పాదమునకు కుదరని బూటులో ఎంత చక్కని బిరుసైనను హింసయే. లేసు బిగించి, దిగుడువాలుమీద నిలిచి, వ్రేళ్ళు ముందు తోలునకు తగులుచున్నవేమో చూడవలెను. తగిలినచో దిగుటలో గోళ్ళు నల్లబడి రాలును. తరువాత మెట్టు అంచున పాదపు ముందు మూడవవంతు మాత్రమే ఆనించి, వీపున 20 కిలోలైన బరువు నుంచుకొని నిలువవలెను. అడుగు క్రుంగి వ్రేళ్ళు నొప్పెట్టినచో ఆ బూటు తనకు మెత్తనిది. పిమ్మట అదే మెట్టు అంచున బూటు ప్రక్క అంచును మాత్రమే ఆనించి నిలువవలెను. చీలమండ ఒరగినచో పైభాగము చాలదు. చివరకు సమతలముమీద చాలసేపు నడచి మడమ లేచుట యెంతయో గమనింపవలెను. కొంత లేచుట సహజము. తోలు లొంగిన పిమ్మట తగ్గును. చర్మము వేడెక్కునంతగ లేచినచో విడిచిపెట్టవలెను.

ఈ పరీక్షలు జరిపిన పిమ్మటను సందేహము తీరనివారికి నా అభిప్రాయము చెప్పెదను. పోవుచోటు గుండ్రని కొండలు, పచ్చికవాలులు, ఎక్కువ నడక, తక్కువ నిటారు ఐనచో మెలికకు లొంగక నిలువున కొంత వంగు మధ్యమపు బూటు. డాల్ గొఱ్ఱెల వేటవంటి మిశ్రయాత్రకు, మోయువాడు తేలికైనచో అదియే. బరువైనవాడైనచో, లేదా ఒంటరిగ మాంసమంతయు మోయవలసినచో, దానికంటె ఒక మెట్టు గట్టిది. తెల్లని కొండమేకల వెంట శిలాశిఖరములకు పోవువానికి, శీతకాలారంభమున గట్టిమంచు దాటవలసినవానికి, నిలువున వంగని బూటు తప్పదు; ఏలయన మంచుమీద బూటునకు కట్టు ఇనుపపండ్ల చట్రము, అనగా క్రాంపాను, ఎక్కువగ వంగు అడుగుమీద స్థిరముగ నిలువదు. చట్రము అంతగ వంగదు, బూటు వంగును. ఆ పెనుగులాటలో అది ఊడిపోవుటయో విఱుగుటయో జరుగవచ్చును. మడమ వెనుక క్రాంపాను పట్టుకొనుటకు గాడి కలదో లేదో కొనునపుడే చూచుకొనవలెను.

కొన్న బూటును దాచుటలోను జాగరూకత వలయును. నడుమపొరగ వాడు పాలీయురేథేను అను పదార్థము గాలిలోని తేమచే క్రమముగ శిథిలమగును, వాడకున్నను శిథిలమగును. పైకి క్రొత్తదివలె మెఱయుచున్న బూటు, అటకమీద ఏండ్లు గడపి, కొండమీద తొలినాడే అడుగు ఊడిపోయిన ఉదంతములు పెక్కు వినబడుచున్నవి. తేమ యెక్కువైన మన తీరప్రాంతములలో ఈ భయము మరింత. యాత్రకు రెండు మాసములు ముందుగనే బూటును తీసి, బ్రొటనవ్రేలితో నడుమపొరను నొక్కి, పగుళ్ళు పొడి రాలుట కనబడినచో అడుగు మార్పించుకొనవలెను. కనబడనిచో బరువుతో మెట్లెక్కుచు దిగుచు తోలును పాదమునకు అలవాటు చేయవలెను. ఎక్కునపుడు చీలమండ పైనున్న లేసును వదులుగను, దిగునపుడు పాదము ముందునకు జారకుండ మడమకును చీలమండకును నడుమ ముడివేసి బిగుతుగను కట్టుకొనుట ఆ దినములలోనే నేర్చుకొనవలెను.